బావ పట్టుకున్న అడ్రసు

మా బావ ఆఫీసులో నెట్‌వర్క్ చూస్తాడు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే వీపీఎన్‌లో లాగిన్ అవగానే వాళ్ల కంప్యూటర్‌కి ఒక ఐపీ అడ్రసు అందాలి. అది లేనిదే ఆఫీసు ఫైళ్లు తెరుచుకోవు. ఆ పంపకం బావ చేతిలో ఉంది. పక్క సీటు నాదే కాబట్టి ఆ దర్జా రోజూ భరిస్తున్నాను.

అడ్రసులు తక్కువ, జనం ఎక్కువ. ఒకరు బయటికొస్తేనే ఇంకొకరికి దొరుకుతుంది. దాంతో బయటికి రావడమే మానేశారు. అన్నానికి లేచినా, కునుకు తీసినా కనెక్షన్ మాత్రం వదలరు. "పని లేకుండా అడ్రసు పట్టుకుని వేలాడేవాళ్లకు మనస్సాక్షి ఉండాలి" అని ఆ ఉదయమే బావ అందరికీ మెయిల్ కొట్టాడు.

అంతలో అక్క బావకు ఫోన్ చేసింది. మా కంపెనీలోనే డిజైనర్, ఇంటి నుంచే పని. కాసేపట్లో కొత్త క్లయింటుకు తన డిజైన్లు చూపించాలి. నచ్చితే ఆ ప్రాజెక్టుకు అక్కే లీడ్. ఆలస్యమైతే ఇంకొకరికి ఇచ్చేస్తానని మేనేజరు ముందే చెప్పాడు.

"ఏవండీ, నాకు అడ్రసు రావట్లేదు."

"అన్నీ నిండిపోయాయి. ఎవరైనా వదిలేదాకా ఆగు."

"ఆగితే నా పని గోవిందా! ఒకర్ని తీసెయ్యండి."

"తీస్తే పెళ్లాం కోసం తీశాడంటారు. అందరికీ ఒకటే న్యాయం."

నాకు ఒళ్లు మండింది. ఫోన్ స్పీకర్‌లోనే ఉంది. "మరి ఇంట్లో ఉన్న నీ ల్యాప్‌టాప్‌కి శాశ్వతంగా ఒకటి రాసిపెట్టుకున్నావుగా బావా? అదే న్యాయం?" అన్నాను.

బావ గబుక్కున నా వైపు తిరిగాడు. "అది... అర్ధరాత్రి సర్వర్ ఆగిపోతే నేను చూసుకోవాలి కదా!"

"ఇప్పుడు పగలేగా," అంది అక్క. "మీ గదిలోకి వెళ్తున్నా. పాస్‌వర్డ్ చెప్పండి."

ఇంట్లో తలుపు వేసుకుని పనిచేసుకోదగ్గ గది అదొక్కటే. బావ పగలంతా ఆఫీసులోనే ఉంటాడు, అయినా అందులో ఎవరూ అడుగుపెట్టకూడదు, వైర్లు కదులుతాయట. అక్క మాత్రం వంటింటి గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, కుక్కర్ కూసినప్పుడల్లా మైక్ ఆపుకుంటూ నెట్టుకొస్తోంది.

బావ చివరికి గొంతు తగ్గించి, "'నేనేరాజు'. కలిపి కొట్టు," అన్నాడు.

నేను నవ్వాపుకోలేక టేబుల్ కిందికి దూరాను.

మధ్యాహ్నం అక్క మళ్లీ ఫోన్ చేసింది. "ఒప్పుకున్నారు! లీడ్ నేనే." ఆ వెంటనే అంది: "ఇకనుంచి ఈ గదిలోనే కూర్చుంటానండీ. మాట్లాడుతుంటే మధ్యలో ఒక్కసారి కూడా సారీ చెప్పాల్సిన పని పడలేదు."

బావ వాదిస్తాడనుకున్నాను. "అలాగే కూర్చో," అన్నాడు, అంతే. ఫోన్ పెట్టేసి, తన ల్యాప్‌టాప్ పేరు చెరిపేసి, ఆ అడ్రసును అక్క ల్యాప్‌టాప్‌కి రాశాడు. ఆటపట్టిద్దామని నోరు తెరిచాను గానీ, ఎర్రబడ్డ ఆ మొహం చూసి ఊరుకున్నాను.