తలలు తెగిన సమీకరణాలు

"నువ్వే ఏదో నొక్కి ఉంటావు," అన్నాడాయన, ప్రెస్సు నుంచి వచ్చిన ప్రూఫులు భోజనాల బల్ల మీద పడేసి.

ఆమె చేతులు తుడుచుకుని వచ్చి చూసింది. ఏ పేజీ తిప్పినా సమీకరణాలకు తలలు లేవు. భిన్నాల్లో పై అంకెలు మాయమై కింది అంకెలు మిగిలాయి. వర్గమూలాలకు పైకప్పు లేదు. ఇంటిగ్రల్ గుర్తులు నడుం దాకానే ఉన్నాయి. ఆయన కాలేజీలో లెక్కల మాస్టారు. ఈ పాఠ్యపుస్తకం ఆయన చేత్తో రాసిస్తే, కంప్యూటర్లో ప్రతి గుర్తూ కూర్చింది ఆమె. అట్ట మీద ఆమె పేరు లేదు గానీ ముందుమాట చివర 'ఓపికగా సహకరించిన నా శ్రీమతికి' కృతజ్ఞతలున్నాయి. ఆ వాక్యం టైపు చేసిందీ ఆమే.

నేనే అయ్యుంటాను అనుకుంది వెంటనే. పాలు పొంగినా, కరెంటు పోయినా, కూతురికి జలుబు చేసినా ముందు తన నెత్తినే వేసుకోవడం ఆమెకు ఎప్పుడో అలవాటైపోయింది. అడక్కముందే తప్పు ఒప్పేసుకునే మనిషి ఇంట్లో ఉంటే మిగతావాళ్లకు ఎంత హాయి!

"సోమవారం తిరిగి ఇచ్చెయ్యాలి. ఎంతసేపు పడుతుంది?"

"ఏమో, చూడాలి. రోజులు కూడా పట్టొచ్చు," అంది. అప్పటికి నిజంగానే తెలియదు.

"అయితే వంటింటి వైపు రాకు. అమ్మ చూసుకుంటుందిలే. తలుపేసుకుని కూర్చో."

తలుపేసుకుని కూర్చో. ఈ మాట కోసం ఆమె నెల నుంచి అడుగుతోంది. పెళ్లికి ముందు మొదలుపెట్టిన థీసిస్ చివరి అధ్యాయం దగ్గర ఆగిపోయి ఉంది. "ఇదే ఆఖరి గడువమ్మా. సోమవారం అధ్యాయం అందకపోతే నీ రిజిస్ట్రేషన్ పోతుంది, ఇక నా చేతుల్లో ఏం లేదు," అని గైడు మేడమ్ ఫోన్ చేసి మరీ చెప్పింది. ఆ సంగతి ఇంట్లో చెప్పి నాలుగు రోజులు వంట చూసుకోమంటే, "ఇప్పుడు ఆ డాక్టరేటు తెచ్చి ఎవర్ని ఉద్ధరించాలి?" అన్నాడాయన. "నా మోకాళ్ల సంగతి తెలిసే అడుగుతున్నావా అమ్మాయ్?" అంది అత్తయ్య. అడిగినందుకు ఆమే సిగ్గుపడి ఊరుకుంది.

గదిలోకి వెళ్లి పుస్తకం ఫైలు తెరిచింది. ఫాంటు తేడానేమో అని చూసింది, కాదు. ఒక సమీకరణాన్ని కాపీ చేసి ఖాళీ పేజీలో పెట్టింది. శుభ్రంగా తలతో సహా నిలబడింది. అంటే జబ్బు సమీకరణానిది కాదు, అది కూర్చున్న లైనుది. లైన్ స్పేసింగ్ చూస్తే విషయం తెలిసిపోయింది. ప్రతి లైనూ ఇంత ఎత్తే ఉండాలని ఎవరో కొలత బిగించేశారు. మామూలు అక్షరాలు అందులో ఒదిగిపోయాయి, పొడుగైనవి తెగిపోయాయి. ఎవరో ఏమిటి, ఆయనే. పేజీలు ఎక్కువయ్యాయని ప్రెస్సువాళ్లు గొణిగితే, "ఎలా తగ్గించానో చూడు," అని మొన్న గొప్పగా చూపించింది ఇదే. ఆమె ఫైలంతా సెలెక్ట్ చేసి, ఆ బిగింపు తీసేసి, మామూలు స్పేసింగ్ పెట్టింది. తలలన్నీ ఒక్కసారిగా తిరిగొచ్చాయి. వంటింట్లో కుక్కరింకా కూత కూడా వెయ్యలేదు.

చెప్పేద్దామని లేచింది. తలుపు దాకా వెళ్లింది.

"పాపం, నా పుస్తకం కోసం కళ్లు పొడుచుకుని కూర్చుంది," అని ఆయన ఎవరితోనో ఫోన్లో అంటున్నాడు. ఆ వెంటనే కూతురితో, "ష్, గోల చెయ్యకు. అమ్మ పనిలో ఉంది."

ఇన్నేళ్లలో ఆమె చేసేదాన్ని ఆ ఇంట్లో పని అన్నది అదే మొదటిసారి. ఆమె వెనక్కి వచ్చి కూర్చుని, ఆయన ఫైలు మూసి తనది తెరిచింది.

ఇక మొదలైంది అసలు బాధ. మధ్యాహ్నం ఆయనే టీ తెచ్చాడు, అదీ తలుపు తట్టి. ఆమె గబుక్కున ఆయన పేజీ పైకి తెచ్చింది. "లొంగుతున్నాయా?" అంటే, "ఒక్కోటీ వస్తున్నాయి," అంది. టీలో పంచదార సరిపోయిందా అని కూడా అడిగాడు. తిట్టి ఉంటే ఎంత బావుండేది! ఇంత మంచితనం ఆయన పుస్తకానికి దక్కాల్సింది, తను దొంగచాటుగా తాగేస్తోంది. కూతురు ఒక జడ పైకీ ఒక జడ కిందకీ వేయించుకుని వచ్చి నిలబడితే ఆ పిల్ల మొహం చూడలేకపోయింది. గోడ అవతల అత్తయ్య చెప్పులు ఈడ్చుకుంటూ స్టవ్‌కూ సింక్‌కూ మధ్య తిరుగుతుంటే ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా రాసే వాక్యం ఆగిపోయేది. ఛీ, ఏం మనిషిని నేను అనుకునేది. అనుకుంటూనే రాసేది. అధ్యాయం మాత్రం కదిలింది.

ఆదివారం సాయంత్రానికి ముగింపు ఒక్కటే మిగిలింది. మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్తే, అత్తయ్య మోకాలికి గుడ్డ కట్టుకుని, ఒక చేత్తో సింకు అంచు పట్టుకుని, ఇంకో చేత్తో గిన్నెలు తోముతోంది.

"నువ్వెందుకొచ్చావ్? వెళ్లు వెళ్లు. పుస్తకం ఆగిపోతే వాడు అన్నం కూడా తినడు."

"మీ కాలు వాచింది అత్తయ్యా."

"అది ఎప్పుడు వాయలేదు గనక. నీ పని నువ్వు చూసుకో తల్లీ."

ఆ 'తల్లీ'కి ఆమె చెవులు వేడెక్కిపోయాయి. పీచు లాక్కోబోయింది. పోతే పోనీ థీసిస్, ఈవిడ్ని పడుకోబెట్టి గిన్నెలు తోమి వంట మొదలుపెడితే ఈ పాపం వదులుతుంది అనుకుంది. అప్పుడే హాల్లో పేపరు తిప్పిన చప్పుడైంది. చెయ్యి ఆగింది. తను కూర్చుంటే ఈవిడ నిలబడాలి, ఈవిడ కూర్చుంటే తను నిలబడాలి. మూడు రోజులుగా ఈ లెక్కే వేసుకుని కుమిలిపోతోంది. లెక్కల మాస్టారొకడు ఇంట్లోనే ఉన్నాడన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

హాల్లోకి వెళ్లింది. "మీ ఫైలు అయిపోయింది."

"అమ్మయ్య. మొత్తానికి సాధించావు."

"మొదటిరోజే అయిపోయింది. పేజీలు తగ్గించాలని మీరు లైన్లు బిగించారు, అందుకే తెగాయి. నిమిషంలో సరిచేశాను."

ఆయన పేపరు దించాడు. "మరి ఇన్నిరోజులూ లోపలేం చేశావు?"

"నా థీసిస్ రాసుకున్నాను."

"అంటే మాకు అబద్ధం చెప్పావా? అక్కడ అమ్మ నడవలేక చస్తుంటే?"

"చెప్పాను. అత్తయ్యని అలా నిలబెట్టింది నేనే, తప్పు నాదే." వంటింటి వైపు చెయ్యి చూపించింది. "ఇప్పుడు ఆవిడ్ని కూర్చోబెట్టాలి. గిన్నెలు సగం ఉన్నాయి, వంట కాలేదు. నాకు రేపటిదాకా పని ఉంది."

"అయితే ఎవరు చేస్తారు?" అన్నాడాయన. ఆ ప్రశ్న ఆయన మామూలుగానే అడిగాడు, నిజంగానే తెలియనట్టు.

ఆమె గదిలోకి వచ్చి కూర్చుంది. ఒప్పేసుకుంటే మనసు తేలికపడుతుందనుకుంది, పడలేదు. ఇంకా తప్పు చేసినట్టే ఉంది. ఉండనీ, ఇదీ నా పక్కనే కూర్చోనీ అనుకుని ముగింపులో మొదటి వాక్యం టైపు చేసింది. గోడ అవతల పంపు ఆగింది. స్టూలు లాగిన చప్పుడు, దాని మీద ఒళ్లు వాల్చిన నిట్టూర్పు.

"ఇటు రా నాన్నా," అంది అత్తయ్య, హాల్లో ఉన్న కొడుకుతో. "సబ్బు కిటికీలో ఉంది."