రాయిస్ చెప్పిన బ్రేకు

నా మొగుడు థేన్‌కి ప్రాణం కన్నా పరువెక్కువ. ఆ పరువు ఊళ్లో రూబీ హోటల్ గోడ మీద ఉంటుంది. కనుమ దిగుతూ బ్రేకులు పోగొట్టుకున్నవాళ్ల కోసం రోడ్డు పక్కన, బండి కూరుకుని ఆగేలా ఎత్తుగా కంకర పోసిన దారి ఒకటుంది. అందులోకి బండి తోలి ఇరుక్కున్నవాడి ఫొటో రూబీ గోడకెక్కుతుంది. ఇక పదేళ్లయినా వాణ్ణి ప్రశాంతంగా కాఫీ తాగనివ్వరు.

కిందటి అక్టోబరులో కొండ మీది మేత నుంచి పద్నాలుగు దూడల్ని ట్రెయిలర్లో దింపుతుంటే సగం దారిలో బ్రేకులు కాలి పొగ లేచింది. పక్కన నేనున్నాను. ఎదురుగా కంకర దారి. "తిప్పు!" అని అరిచాను. థేన్ దాటేశాడు. కింద రోడ్డు మళ్లీ పైకెక్కుతుంది కాబట్టి బతికాం. బండి ఆగాక టోపీ సర్దుకుని, "చూశావా, ఏం కాలేదు," అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

వచ్చే శనివారం మా అమ్మాయి టెస్సా అదే పికప్‌కి గుర్రాల ట్రెయిలర్ తగిలించుకుని, రోడియో గుర్రపుస్వారీ పోటీలకు ఒంటరిగా ఆ కనుమ దిగాలి. దానికి పంతొమ్మిదేళ్లు. తండ్రి ఎలా తోలితే అదే తోలడం అనుకుంటుంది. అందుకే ఎగ్జాస్ట్ బ్రేకు పెట్టించేదాకా తాళాలివ్వనని కూర్చున్నాను. పొగగొట్టానికి అడ్డుపడి, ఇంజన్‌కి ఊపిరాడకుండా చేసి బండిని నెమ్మదింపజేస్తుంది అది. చక్రాల బ్రేకులు చల్లగా ఉంటాయి.

రెండు రోజుల్లో థేన్, తన స్నేహితుడు రాయిస్ చెప్పిన బ్రేకొకటి పట్టుకొచ్చాడు.

"రాయిస్ బండికి ఇదే ఉంది. మైలు దూరానికి వినపడుద్ది."

"రాయిస్‌ది చేత్తో గేర్లేసే బండి. మనది ఆటోమేటిక్. దీనికి పనికొస్తుందా?"

"బ్రేకు ఏదైనా బ్రేకే, వెర్లా."

ఆ జవాబు నాకు చాలలేదు. విడిభాగాల దుకాణానికి వెళ్లాను. బల్ల వెనక మెర్విన్ నా వెనక ఎవరైనా వస్తున్నారా అని చూశాడు.

"థేన్ రాలేదామ్మా? ఆయన్నే పంపండి. ఇవి మీకు అర్థం కావు."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. "ఇరవై రెండేళ్లుగా గడ్డీ, గొడ్లూ లాగుతున్నాను ఆ బండితో," అన్నాను. "ట్రెయిలర్ ఐదు టన్నులు. గేరు ఆటోమేటిక్. ఇంజన్ పాతది. నిటారు కనుమ. అర్థమైందా, మళ్లీ చెప్పాలా?"

మెర్విన్ గొంతు తగ్గింది. "ఆటోమేటిక్ అయితే యాక్సిలరేటర్ మీద కాలు తియ్యగానే గేర్‌బాక్సు ఇంజన్ని వదిలేస్తుందమ్మా. బ్రేకు ఇంజన్ని పట్టుకునుంటుంది, చక్రాలు వాటి దారిన అవి పోతాయి. గేర్‌బాక్సు ఇంజన్ని వదలకుండా పట్టి ఉంచే కంట్రోలు పెట్టె కలిసొచ్చే రకం కావాలి మీకు. మరీ గట్టిగా బిగించేది కూడా వద్దు, పాత ఇంజన్‌లో స్ప్రింగులు తట్టుకోవు."

ఇంటికొచ్చేసరికి థేన్ రాయిస్ బ్రేకు బిగించేసి చేతులు తుడుచుకుంటున్నాడు. నేను విన్నదంతా చెప్పాను.

"మెర్విన్‌కేం, సరుకు అమ్ముకోవాలిగా," అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. గుర్రాల బరువుకు సరిపడా గడ్డిమోపులు ట్రెయిలర్లో వేశాను. "ఎక్కు. నేను తోల్తాను," అన్నాను.

కనుమ పైన మీట నొక్కాను. బ్రేకు కొండంతా అదిరేలా గర్జించింది. ఉత్త మేకపోతు గాంభీర్యం. నలభై మీదున్న స్పీడు ముల్లు యాభైకి పోయింది, యాభై ఐదు దాటింది. కాలి బ్రేకు తొక్కుతూనే ఉన్నాను. మూడో మలుపులో మాడు వాసన కొట్టింది. కంకర దారి కనిపించింది.

"వద్దు వెర్లా! ఇంకా బ్రేకుందిగా, దాటెయ్!"

"నీ కూతురికీ ఇదే చెప్తావా?" అని తిప్పేశాను.

ఇరుసుల దాకా కూరుకుపోయి ఆగాం. దుమ్ము దిగాక థేన్ నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఎవరన్నా చూశారా?"

"నేను చూశాను," అన్నాను. "కిందటిసారి కూడా నేనే చూశాను." అంతకంటే మాట్లాడితే కొట్టేసేదాన్ని.

లాగే బండి వచ్చేలోగా నేనే దిగి ఫొటో తీశాను. మర్నాడు పొద్దున థేన్‌నీ టెస్సానీ వెంటబెట్టుకెళ్లి నేనే రూబీ గోడకు అంటించాను. హోటలంతా పగలబడి నవ్వింది. "మీ ఆవిడకి తోలడం నేర్పవోయ్ థేన్!" అన్నాడు రాయిస్. టెస్సా సిగ్గుతో తలొంచుకుంది. దాని గడ్డం పట్టి పైకెత్తాను.

"బాగా చూసుకో. అవసరమైతే శనివారం నీ దారి ఇదే."

థేన్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "తోలడం వెర్లాకి వచ్చు," అన్నాడు రాయిస్‌తో. తర్వాత కూతురి వైపు తిరిగాడు. "కిందటేడు బ్రేకులు కాలిపోయినా నేను ఆ దారి దాటేశానమ్మా. మీ అమ్మ చెప్పిన బ్రేకు వచ్చేదాకా నువ్వు బండి ముట్టుకోవద్దు."

నవ్వులు ఆగాయి. టెస్సా తండ్రి వైపు తిరిగింది.

"అప్పుడు పక్కన అమ్మ ఉందా నాన్నా?"

థేన్ నా వైపు చూశాడు.

"ఉన్నాను," అన్నాను.