పదకొండు అంగుళాల దగ్గర

దేవుడికి దణ్ణం పెట్టుకునే ప్రతిసారీ ఆమెకు ఒకటే సందేహం. పెళ్ళయిన కొత్తలో పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు. అసూయ పాపమంటారు. పక్కింటావిడ నగ చూసి కుళ్ళుకుంటే తప్పేనని ఒప్పుకోవచ్చు. మరి పట్టపగలు ఒళ్ళెరగకుండా నిద్రపోతున్న కట్టుకున్నవాణ్ణి చూసి కడుపు మండితే అదేం పాపం? దానికి శిక్ష అదే రకమా, కాస్త తక్కువా? అడుగుదామంటే ఎవరున్నారు? దేవుడూ మగవాడే కదా అని ఒక్కోసారి అనిపించి, అలా అనిపించినందుకు ఇంకోసారి దణ్ణం పెట్టుకునేది.

ఆ మధ్యాహ్నం ఆమె కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసి, నిద్రలో ఉన్న మొగుడి చెయ్యి చుట్టూ మెల్లగా తిప్పింది. పదిహేనున్నర. పోయిన నెల పదిహేను. తర్వాత వంటింట్లోకి వెళ్ళి తన చెయ్యి కొలుచుకుంది. పదకొండు. నాలుగు నెలలుగా అదే పదకొండు. టేపు బిగించి లాగినా, వదులు చేసినా పదకొండే.

జిమ్‌లో ముందు చేరింది ఆయనే. భార్యకి సగం ఫీజంటే, "రా, నీకూ కాలక్షేపం," అన్నాడు. సరదాకి వెళ్ళిన మనిషికి మూడు నెలల్లో జబ్బ మీద నిమ్మకాయంత కండ లేచింది. అద్దం ముందు చెయ్యి మడిచి చూసుకుని తనే సిగ్గుపడింది. ఆ ఇంట్లో ఆమె పెంచినవన్నీ ఎవరో ఒకరివి. కూతురు వాళ్ళ నాన్న పోలిక, బాల్కనీలో మొక్కలు అత్తగారివి, ఆఖరికి పొదుపు కూడా ఆయన తెలివే. ఆ నిమ్మకాయ మాత్రం ఆమెది. తర్వాత అది పెరగడం మానేసింది.

పోయిన నెల ఆయన కండా ఆగింది. ఆగితే ఇల్లంతా కదిలింది. మగవాళ్ళ ట్రైనరు ఒక చార్టు రాసిచ్చాడు. వారంపాటు తేలిక బరువులు, రాత్రి తొమ్మిది గంటల నిద్ర, రోజుకి నాలుగు గుడ్లు, వీలైతే మధ్యాహ్నం కునుకు. ఆ చార్టు ఫ్రిజ్ తలుపు మీదికెక్కింది. ఆయన కునుకు తీస్తుంటే మిక్సీ తిరగకూడదు, కుక్కర్ కూయకూడదు. అత్తగారు టీవీ నోరు నొక్కేసి బొమ్మలు మాత్రం చూసేది. "అబ్బాయి కండ పెరుగుతోందమ్మాయ్, చప్పుడు చెయ్యకు," అనేది, కండేదో పొదిగే గుడ్డయినట్టు. పదిహేను రోజుల్లో అర అంగుళం పెరిగింది.

"నీది ఎదుగూ బొదుగూ లేని కండ. ఈ నెలాఖరుకి చూద్దాం, లేకపోతే మానెయ్. పెరగనిదానికి ఫీజెందుకు?" అన్నాడు ఆయన, ఆమె వలిచిన గుడ్డు ఉప్పులో అద్దుకుంటూ.

నెలాఖరుకి ఇంకా ఇరవై రోజులు. తనకి శ్రమ చాలడం లేదేమో అనుకుంది ఆమె. ఆడదానికి ఏం తక్కువైనా ఇంకాస్త చెయ్యడమే మందని చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నదే. అరగంట ముందు వెళ్ళింది, పదిసార్లు ఎత్తేచోట పదిహేనుసార్లు ఎత్తింది. ఆకలి చచ్చిపోయింది. పడుకుంటే నిద్ర పట్టదు, పడితే ఉలికిపాటు. తను పనిచేసే ఆసుపత్రి లాండ్రీలో తడి దుప్పట్ల మూట సగం ఎత్తి దించేసింది. "ఏంటమ్మా, కండలు పెంచుతున్నారటగా, ఆ రెండోదీ మీరే అందుకోండి," అని సూపర్‌వైజరు నవ్వాడు. అందుకుంది. ఇంటికొచ్చి నిద్రపోతున్న ఆయన జబ్బ చూసింది. వెన్నలా నిగనిగలాడుతూ, దిండు మీద దానికదే ఒక దొరలా పడుకుని ఉంది. మనిషి మీద కాదు, ఆ జబ్బ మీద ఏడుపొచ్చింది. దానికి రోజూ సెలవే. ఎవరూ దాన్ని లేపరు.

మర్నాడు, పోయిన నెల అలవోకగా ఎత్తిన బరువు చేతుల్లోంచి జారింది. ఆడవాళ్ళ ట్రైనరు, ఆమెకన్నా పదేళ్ళు చిన్నది, పరుగున వచ్చి కూర్చోబెట్టి, మణికట్టు పట్టుకుని నాడి చూసింది.

"అక్కా, కూర్చునే ఉన్నావు, గుండె పరిగెడుతోంది. వారంలో ఎన్ని రోజులు విశ్రాంతి?"

"మూడు రోజులు ఇక్కడికి రాను కదా."

"ఆ మూడు రోజులూ ఏం చేస్తావ్?"

"ఏం చేస్తాను? ఏమీ చెయ్యను. లాండ్రీకి పోతాను, ఇంట్లో ఉంటాను."

"లాండ్రీలో కూర్చునే పనా?"

"కూర్చుంటే తడి మూటలు ఎవరు మోస్తారు? ఇంటికొస్తే అత్తయ్యని చూసుకోవాలి. మోకాళ్ళు పట్టేశాయి. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్‌రూమ్‌కి. రోజుకి ఆరుసార్లు లేపాలి."

"ఎంతుంటారు ఆవిడ?"

"డెబ్భై కిలోలు దాటే."

ఆ పిల్ల నవ్వబోయి ఆగిపోయింది. "రోజుకి ఆరుసార్లు డెబ్భై కిలోలా! ఇంత చేసి ఏమీ చెయ్యనంటావా? నా దగ్గర మెడల్ కొట్టినవాళ్ళు కూడా ఇంత చెయ్యరక్కా. నీ కండ ఆగింది చాలక కాదు, ఎక్కువై. కండ ఇక్కడ పెరగదు. ఇక్కడ చిరుగుతుంది, పడుకున్నప్పుడు అతుక్కుని లావెక్కుతుంది. నువ్వు చింపుకోవడమే తప్ప అతకనివ్వడం లేదు."

చార్టు రాసిచ్చింది. తేలిక బరువులు, తొమ్మిది గంటల నిద్ర, నాలుగు గుడ్లు, మధ్యాహ్నం కునుకు. ఆయనకిచ్చినదానికీ దీనికీ తేడా లేదు. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది, ఎవరికో రావలసిన ఉత్తరం తనకి వచ్చినట్టు.

ఆదివారం భోజనాలయ్యాక ఆ కాగితాన్ని ఆయన చార్టు పక్కనే అంటించింది. ఆయన మంచినీళ్ళ కోసం వచ్చి చదివి పకపకా నవ్వాడు.

"నీకూ కునుకా? మరి అమ్మని ఎవరు లేపుతారు?"

"మీ చెయ్యి పదిహేనున్నర అంగుళాలండీ. నేను కొలిచాను," అంది.

కోపంగా కూడా అనలేదు. ఆయన ఇంకేదో అనేలోపు గదిలోకి వెళ్ళి మంచం మీద వాలింది. కళ్ళు మూసుకుందే గాని చెవులు ముందుగది వైపే ఉన్నాయి, దొంగతనం చేసినట్టు.

కాసేపటికి ముందుగదిలోంచి అత్తగారు పిలిచింది. ఆయన వెళ్ళాడు. మంచం కిర్రుమంది.

"అమ్మా, కాస్త నువ్వూ లేవాలి."

"లేవగలిగితే నిన్నెందుకు పిలుస్తాన్రా? చంకల కింద చెయ్యి వెయ్యి. అక్కడ కాదు, నొప్పి! ఏడాదిగా ఏం పెంచావురా, గాలా?"

ఆయన రొప్పడం ఆమెకు వినిపించింది. తర్వాత గుమ్మం దగ్గర అడుగుల చప్పుడు.

"ఏమోయ్, ఒక్క నిమిషం వచ్చి..."

"లేపకురా!" వెనకనుంచి అత్తగారి గొంతు. "నీ కూతురు పుట్టిన మూడో నెలలో ఒళ్ళు జ్వరంతో కాలిపోతున్నా దాన్ని లేపాను, చుట్టాలొచ్చారని. ఇవాళ్టికి లేమ్మా, రేపు పడుకుందువుగాని అన్నాను. పద్నాలుగేళ్ళయింది, ఆ రేపు దానికి ఇవ్వనేలేదు. ఇవాళ ఇచ్చేస్తున్నాను. తలుపు దగ్గరగా వేసి రా."