బోర్డు మీద తబిత పేరు

దమ్మపేటలో సంఘాల సమాఖ్య ఆఫీసు గోడకు ఒక నల్లబోర్డు ఉంది. నడిమికి గీత. ఒకవైపు 'కావాలె', రెండోవైపు 'ఇస్త'. నెలకోసారి ఊళ్ల నుంచి మహిళా సంఘాలు వస్తాయి. ఏదన్నా అడిగేవాళ్లు, తాము ఇచ్చేది కూడా ఒకటి రాయించాలి. ఆరేళ్లుగా ఆ బోర్డు రాస్తున్నది తబిత. ఆమె పేరు మాత్రం ఏనాడూ 'కావాలె' కిందికి రాలేదు. ఆ సంగతిని ఆమె లోలోపల పతకంలా దాచుకుంది.

ఈ నెల ఆ పతకం గుచ్చుకుంటోంది.

సమాఖ్యకు ఉన్నది ఒక్కటే విస్తరాకుల మిషన్. కుట్టిన అడ్డాకులు పెట్టి నొక్కితే పళ్లెమై వస్తుంది. వచ్చే శనివారానికి దాన్ని అడవి గూడెంలోని పుల్లమ్మకు ఇస్తానంది తబిత. అదే శనివారానికి ఇల్లందు జహీదాకూ ఇస్తానంది. ఇద్దరికీ ఆదివారం పెళ్లి ఆర్డర్లు. మరుపు కాదు. రెండోసారి "సరే" అన్నప్పుడు మొదటిది గుర్తుంది కూడా. 'లేదు' అని చెబితే అవతలి గొంతు వాడిపోతుంది. అది వినడం ఆమెకు చేతకాదు.

మిషన్ పాడైందని చెబుదామా? పొద్దున అద్దం ముందు ఆ అబద్ధాన్ని నాలుగుసార్లు చెప్పి చూసింది. నాలుగోసారి తనే నమ్మింది. అదే భయపెట్టింది.

ఆఫీసులో ఇద్దరూ ఎదురుగా కూర్చున్నాక, సుద్దముక్క తీసి 'కావాలె' కింద తన పేరు రాసింది.

"ఏందిది? మేడమ్‌కు గూడ కావాలెనా!" పుల్లమ్మ కళ్లు పెద్దవి చేసింది.

తబిత జరిగిందంతా చెప్పింది.

"మా పెళ్లోళ్లు ఆకుల్ల తింటరా, చేతుల్ల తింటరా?" అంది జహీదా. మరుక్షణమే పకపకా నవ్వింది. "మేం కొనే కుట్టిన ఆకు గూడ మీ అడవిదే కద, పుల్లమ్మక్కా. మిషన్ గూడెంలనే ఉండనీ. మేం ఆరుగురం బస్సుకొస్తం. పొద్దుగాల మీయి నొక్కుదం, మధ్యాన్నం మాయి."

"రాండ్రి. కాని ఆకు కుట్టుడు వస్తదా మీకు?"

"నేర్పవా మల్ల?"

"గట్లనే నేర్పుత." పుల్లమ్మ తబిత వైపు తిరిగింది. "బిడ్డా, 'ఇస్త' కింద ఖాళీగుంది. అడిగినంక ఇయ్యాలె గద. ఏమిస్తవు?"

తబిత ఆలోచించి 'చాయ్' అని రాసింది.

"చక్కెర తక్కువేస్తే ఊకోం," అంది జహీదా.

శనివారం గూడెంలో చాయ్ అందరికీ రెండుసార్లు సరిపోయింది. మధ్యాహ్నానికి తబిత కూడా ఒక ఆకు కుట్టింది. వంకరగా, ఒక మూల చిల్లితో. దాన్ని ఒడిలో దాచబోతే పుల్లమ్మ లాక్కుని, అన్నం పెట్టించుకుని, పప్పు పోయించుకుంది. పప్పు కారి చీరమీద పడింది.

"ఇంకోటి కుట్టు," అంది పుల్లమ్మ తింటూనే.