కోటు జేబులో నారింజ

1983 ఫిబ్రవరిలో, ప్లేనో అనే పరాయిదేశపు ఊళ్లో, మా ఆఫీసులో ఎవరో పుణ్యాత్ముడు నా టేబుల్ మీద ఒక ఎయిర్ ఫ్రెషనర్ పెట్టిపోయాడు. చీటీ లేదు, పేరు లేదు. రోజుకి రెండుసార్లు స్నానం చేసే నాకు! భీమశంకర్ అన్న నా పేరు పలకడానికి నోరు తిరగనివాళ్లు, కాగితంతో తుడుచుకుని లేచిపోయేవాళ్లు నాకు శుభ్రం నేర్పుతారా అని ఒళ్లు మండిపోయింది.

ఆ మంట చల్లారకముందే మా రేణు స్కూల్ ప్రాజెక్ట్ పట్టుకొచ్చింది. దానికి పదకొండేళ్లు, నాలుగో ఏట వచ్చి ఇక్కడే పెరిగింది. యూరప్‌లో జనం పూర్వం శుభ్రంగా ఎలా ఉండేవారో రాసి క్లాసులో చదవాలట. వెతకబోయిన తీగ కాలికి తగిలింది.

శనివారం పొద్దున్నే లైబ్రరీకి డ్రైవ్ చేసి ఎనిమిది పుస్తకాలు మోసుకొచ్చాను. చదువుతుంటే పాయసం తాగుతున్నట్టే ఉంది. నాలుగు వందల ఏళ్ల కిందట అక్కడి వైద్యులు, స్నానం చేస్తే చర్మరంధ్రాలు తెరుచుకుని రోగాలు దూరతాయన్నారట. దొరలు ఒళ్లు కడగడం మానేసి చొక్కాలు మార్చారట. చొక్కా తెల్లగా ఉంటే మనిషి శుభ్రంగా ఉన్నట్టే! దొరసానులు మొహానికి సీసం పూత పూసుకుని, అది తెచ్చిన మచ్చలు కప్పడానికి మళ్లీ అదే పూసేవారట. కంపు తట్టుకోలేక కొందరు లవంగాలు గుచ్చిన నారింజపండు వెంట పెట్టుకుని తిరిగేవారట.

"రాసుకో," అన్నాను రేణుతో. "మా నాయనమ్మ అనేది, ఎవరి కంపు వారికింపు అని. అది చివర్లో పెట్టు."

"ఇంపు అంటే వాట్, డాడీ?"

"హాయిగా ఉండటం. తన కంపు తనకి తెలీదు సరికదా, పైగా ముద్దొస్తుంది."

రేణు పెన్సిల్ కొరుకుతూ నాకేసి చాలాసేపు చూసింది. సామెత లోతు తలకెక్కుతోందనుకున్నాను.

చదివే రోజు తల్లిదండ్రులు కూడా రావచ్చని స్కూలువాళ్లు కాగితం పంపారు. రేణు అది చూపించలేదు. మా ఆవిడ జయంతి లంచ్ బాక్స్ తీస్తుంటే బ్యాగు అడుగున దొరికింది.

"మర్చిపోయావా, అమ్మా?"

"నీకు వర్క్ ఉంది కదా. రావద్దు డాడీ, ప్లీజ్."

"లీవ్ పెడతాను. అంత కష్టపడి రాయించింది నేనైతే, నేను రాకపోతే ఎలా?"

ఏడుపు మొహం పెట్టింది. "పదిమందిలో చదవాలంటే భయం కాబోలు," అన్నాను. జయంతి పోపులో ఇంగువ వేస్తూ, "అయ్యుంటుంది," అంది.

గురువారం వంటింటి తలుపు వెనక కొక్కేనికున్న కోటు తొడుక్కుని బయల్దేరాను. నాకున్నది అదొక్కటే. 1976లో ఈ దేశంలో దిగిన వారంలో కొన్నాను. ఉన్నికోటు నీళ్లలో పెడితే పాడవుతుందని దానికి ఇంతవరకూ నీళ్లు చూపించలేదు.

క్లాసులో పిల్లల కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నాను. పక్కనున్న తల్లి తన కుర్చీ కాస్త అవతలికి జరుపుకుంది. మర్యాదస్తురాలు, చోటిస్తోందనుకున్నాను. రేణు చొక్కాల దగ్గర్నుంచి నారింజ దాకా అన్నీ చదివింది. పిల్లలు "యాక్" అన్నప్పుడల్లా నా ఎయిర్ ఫ్రెషనర్ పగ కొంచెం కొంచెం తీరుతోంది. చివరికి సామెత తెలుగులో చదివి, ఇంగ్లీషులో అర్థం చెప్పింది. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను.

ఒక పిల్ల చెయ్యెత్తి అడిగింది. "మరి వాళ్లకి ఎవరూ ఎందుకు చెప్పలేదు?"

రేణు కాగితంలో వెతికింది. జవాబు అందులో లేదు, నేను రాయించలేదు. "ఎవరూ చెప్పరు," అంది మెల్లగా, ఇంగ్లీషులోనే. "వాళ్లంటే ఇష్టం ఉన్నవాళ్లు అసలు చెప్పలేరు."

ఎంత తెలివి నా తల్లికి అని కళ్లు చెమర్చాయి. కర్చీఫ్ కోసం కోటు జేబులో చెయ్యి పెట్టాను. గుండ్రంగా, గరుగ్గా ఏదో తగిలింది. కొంచెం పైకి తీసి చూశాను. చిన్న నారింజ. దాని నిండా మా మసాలా డబ్బాలో లవంగాలు, వంకరటింకరగా గుచ్చి ఉన్నాయి.

తలెత్తితే రేణు నన్నే చూస్తోంది. బయటికి తియ్యొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

లోపల పెట్టేశాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆ దొరలు చొక్కా మార్చి ఒళ్లు కడగలేదు. నేను ఒళ్లు కడిగి ఏడేళ్లుగా అదే కోటు తొడిగాను. నా కూతురు ఒక్కతే ఈ సంగతి మోస్తూ తిరిగింది.

"ఎప్పట్నుంచి?" అన్నాను కార్‌లో.

"లాస్ట్ వింటర్ నుంచి డాడీ. ఫస్ట్ అమ్మ పెర్ఫ్యూమ్ స్ప్రే చేశాను. అది అయిపోయింది."

ఇంటికొచ్చి కోటు విప్పి, మొదటిసారి దాన్ని ముక్కుకి ఆనించుకున్నాను. ఇంగువ, ఆవాలు, ఎండుమిరపకాయల ఘాటు, జయంతి పెట్టే పప్పుచారు, అన్నీ ఉన్నాయి.

"తెలిసిందా డాడీ?" అంది రేణు, తలుపు దగ్గర నిలబడి.

తల ఊపాను. కానీ ఒట్టు, ఎంత కమ్మగా ఉందో!