తానులు దించిన మధ్యాహ్నం

సిరిసిల్లలో రవీందర్ కొత్తగా పెట్టిన కార్ఖానా అంతా ఇనుప స్తంభాలు, దూలాల మీదే నిలబడింది. మేడ మీద ఒక పక్క సాంచాలు, అంటే పవర్‌లూములు, మరో పక్క కుట్టు మిషన్లు. సాంచాలు నడిస్తే మేడ నేల ఎంత అదురుతుందో, కట్టకముందే కంప్యూటర్‌లో నమూనా చేసి లెక్కగట్టింది జగిత్యాల ఇంజనీరు వనిత. మనిషికి తెలియనంత తక్కువ అని కంప్యూటర్ చెప్పింది. ఆమె నమ్మింది.

తీరా కార్ఖానా మొదలయ్యాక, బట్టలు కుట్టే సౌమ్య తల తిరిగి పడిపోయింది. రవీందర్ ఫోన్ చేస్తే వనిత బస్సెక్కి వచ్చింది.

"ఏంది మేడం గిది? ఒకనాడు ఈ అదురు నిలవడనిస్తలేదు, ఇంకోనాడు ఏమీ ఉండది. గవే సాంచాలు, గదే నేల!" అన్నాడు రవీందర్.

వనిత కొలిచే పరికరం నేల మీద పెట్టింది. నిజమే, తన లెక్కకు ఎన్నో రెట్లు అదురుతోంది. దూలాలు ప్లానులో గీసినట్టే ఉన్నాయి. బోల్టులు బిగువుగానే ఉన్నాయి. ఎక్కడ తప్పిందో ఎంతకీ అంతుపట్టలేదు.

మధ్యాహ్నం వ్యాన్ వచ్చింది. నేల మధ్యలో గుట్టగా పేర్చిన బట్ట తానులను కూలీలు కిందికి మోశారు. సాంచాలు నడుస్తూనే ఉన్నాయి, అదురు మాత్రం తగ్గిపోయింది. వనిత నివ్వెరపోయింది. ల్యాప్‌టాప్‌లో తానుల బరువు కూడా వేసి నమూనాను మళ్లీ నడిపితే, తెర మీద నేల ఊగింది.

"బరువు వెడితె ఊగుడు, తీస్తె ఆగుడా? ఉల్టా ఉంది గద మేడం!" అన్నాడు రవీందర్.

"నాకు గూడ గట్లనే అనిపిస్తుందన్నా. ఉయ్యాలను అదును సూసి నూకితె ఎక్కువ ఊగుతది గదా? తానుల బరువుకు నేల ఊపు నిదానమైతుంది, గప్పుడు నేల ఊపు, సాంచాల దెబ్బ ఒక్క అదునుల వడుతున్నయి."

అతను తలూపాడు గానీ మొహంలో సందేహం పోలేదు.

తానులను కింది గదికి మార్చారు. దూలం కింద కొత్త స్తంభం నిలిపారు. వనిత మళ్లీ వచ్చి, సాంచాలు నడుస్తుండగా కొలిస్తే లెక్కా, నేలా ఒకే మాట చెప్పాయి. సౌమ్య మాత్రం బల్ల అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"అక్కా, అదురుతలేదని అందరంటున్నరు. నాకైతె ఊగుతనే ఉంది. ఇంట్ల పండుకున్నా గంతే."

వనిత నేలకు అరచెయ్యి ఆనించి చూసింది. ఏమీ లేదు.

"గదెందుకో నాకు తెల్వదు సౌమ్యా. డాక్టరుకు సూపిద్దాం పా."

మెట్లు దిగుతుంటే వనితకు కూడా కాళ్ల కింద ఏదో కదిలినట్టయింది. ఆగి చూసింది. అన్నాల వేళ, సాంచాలన్నీ బంద్ ఉన్నాయి.