భుజం మీద రాతిపువ్వు

పొద్దున్నే ఆసుపత్రి లాండ్రీకి బయలుదేరే ముందు అక్క వంటింట్లో ఎత్తుపీట మీద, కిటికీకి వీపు పెట్టి కూర్చునేది. చెల్లెలు పొయ్యి మీద నీళ్లు పెట్టి, మెత్తని కుంచె తీసుకుని, అక్క భుజాల మీద మొలిచిన రాతిపువ్వును దులిపేది. బూడిదరంగు పొలుసులు కింద పరిచిన పాత పేపరు మీద రాలేవి. ఆ పేపరు మడిచి చెత్తబుట్టలో వేశాక గానీ ఆ ఇంట్లో రోజు మొదలైనట్టు కాదు.

అలసిన మనిషి ఒంటి మీద రాతిపువ్వు పట్టడం ఆ ఊళ్లో ఎవరికీ వింత కాదు. పాత గోడల మీద, చెట్ల మొదళ్ల మీద పట్టేదే మనుషుల మీదా పట్టేది. బస్సు డ్రైవర్లకు మెడ వెనక, పంతుళ్లకు మోచేతుల మీద, చంటిపిల్లల తల్లులకు నడుము దగ్గర వచ్చేది. మంగలి షాపులో గడ్డానికి ఒక రేటు, పొలుసుకు ఒక రేటు ఉండేవి. పరువుగా బతికేవాళ్లు దాన్ని దులుపుకోకుండా గడప దాటేవారు కాదు. ఈ అక్కచెల్లెళ్ల తల్లి బతికుండగా, నలుగురిలోకి వెళ్లేటప్పుడు భుజాలు కడిగిన పళ్లెంలా ఉండాలని చెప్పేది. ఆమె పోయాక ఆ మాట మిగిలింది, కుంచె మిగిలింది, చెల్లెలిని చదివించే బాధ్యత అక్కకు మిగిలింది.

చెల్లెలు వృక్షశాస్త్రం చదివి, పరిశోధన సగంలో విడిచిపెట్టి, ఒక నగల దుకాణంలో మరమ్మతుల బల్ల దగ్గర కుదిరింది. తెగిన గొలుసులకు టంకం పెట్టడం, బిగువైన ఉంగరాలను సాగదీయడం ఆమె పని. పొద్దస్తమానం కంటికి అద్దం తగిలించుకుని ఉంటుంది కనుక షావుకారు ఆమెను ‘భూతద్దం’ అని పిలిచేవాడు. మధ్యాహ్నాలు సెలవిస్తే సొంత పని చేసుకుంటానని ఒకసారి అడిగి చూసింది. “నీకేం అలుపమ్మా, తళతళలాడుతున్నావు” అని అతడు నవ్వి ఊరుకున్నాడు. నిజమే మరి, ఆమె మెడ వెనక మొలిచేదాన్ని అక్క కూడా రోజూ అదే కుంచెతో దులిపేది.

ఆమె సొంత పని ఇంట్లో, కింది వాటాలో ఉండే టైలరు బాబాయ్ వద్దనుకున్న కుట్టుమిషను బల్ల మీద సాగేది. ఒక పక్క పాత సూక్ష్మదర్శిని, మరో పక్క పట్టకారు, ఆకురాయి, చిన్న కొలిమి. పుప్పొడి రేణువు మీది ముళ్లను చూసి చెవిపోగులు చేసింది. తూనీగ రెక్కలోని గళ్లను చూసి ఉంగరం చేసింది. కొన్నవాళ్లు తక్కువ, మెచ్చుకుని వెళ్లినవాళ్లు ఎక్కువ. చివరికి ఒకనాడు, అక్క భుజం నుంచి రాలిన గోరంత పొలుసును అచ్చు తీసి వెండితో పోసిన పిన్నును గ్యాలరీ మేడం చేతిలోకి తీసుకుని, చాలాసేపు కింద పెట్టలేదు. ఎండలోనైనా మెడ చుట్టూ శాలువా తీయని మనిషి ఆవిడ.

“భుజం నుంచి భుజం దాకా ఉండేది ఇలాంటిదొకటి చెయ్యగలరా?” అని అడిగింది. “కొత్తవాళ్ల ప్రదర్శనలో మధ్య బల్ల మీకే ఇస్తాను.”

ఆ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు చెల్లెలి గొంతులో సంతోషం కంటే భయమే ఎక్కువ వినిపించింది.

“అంత పెద్దది కావాలంటే ముక్క చెక్కు చెదరకుండా పెరగాలక్కా. దులపకూడదు.”

“దులపకు. నా భుజాలేమన్నా ఎవరికైనా అద్దెకిచ్చానా?”

“లాండ్రీలో నలుగురూ చూస్తారు.”

“చూస్తే చూడనీ. ఇస్త్రీ యంత్రం ముందు నిలబడేదాన్ని, సింహాసనం మీద కూర్చునేదాన్ని కాదుగా.”

ఆ రోజు నుంచి చెల్లెలి మెడ దులపడానికి తప్ప కుంచె డ్రాయరులోంచి బయటికి రాలేదు.

రాతిపువ్వు నిదానంగా పెరిగింది. మొదట నాణేలంత మచ్చలు. తరువాత వాటి అంచులు ముడతలు పడి, లేత ఆకుపచ్చ తిరిగి, ఒకదాన్నొకటి ఒరుసుకున్నాయి. చెల్లెలు రోజూ అద్దం పెట్టి చూస్తూ కాగితం మీద గీసుకునేది.

“ఇది ఒక్క ప్రాణి కాదు తెలుసా? రెండు కలిసి కాపురం ఉంటాయి. ఒకటి గోడలు కట్టి నీడనిస్తుంది, ఒకటి ఎండతో వండి పెడుతుంది.”

“మరి మనలో వండేదెవరే?”

“నువ్వే.”

“గోడలు కట్టిందెవరు?”

చెల్లెలు కాస్త ఆలోచించి, “అదీ నువ్వే” అంది.

“అయితే నువ్వు పొలుసువన్నమాట” అని అక్క నవ్వబోయి, నవ్వితే పగుళ్లిస్తుందేమోనని ఆపుకుంది.

ఆమెకు అప్పటికే ఆపుకోవడం అలవాటైంది. పడుకుంటే చిట్లుతుందని కుర్చీలో కూర్చునే నిద్రపోయేది. తల ఒక పక్కకు వాలేది, భుజాలు మాత్రం ఎవరో పట్టుకున్నట్టు నిటారుగా ఉండేవి. చెల్లెలు అది చూసేది. చూసి, దుప్పటి కాళ్ల మీదికి లాగి, తన బల్ల దగ్గరికి వెళ్లిపోయేది.

రెండు భుజాల మీది రాతిపువ్వూ మెడ కింద కలుసుకున్న వారంలోనే లాండ్రీ సూపర్‌వైజరు అక్కను పక్కకు పిలిచాడు. ఆ లాండ్రీలో కిటికీ పక్కన ఒక కుర్చీ ఉంది. చిరిగిన దుప్పట్లు కుట్టేవాళ్లు అందులో కూర్చుంటారు. ఉన్నవన్నీ నిలబడి చేసే పనులు, కూర్చుని చేసేది అదొక్కటే. ఖాళీ అయిన ప్రతిసారీ డాక్టరు వచ్చి అందరి భుజాలూ చూస్తాడు. ఎవరి మీద ఎక్కువ పట్టి ఉంటే కుర్చీ వాళ్లకు. ఇప్పుడు కుట్టే ముసలావిడ మానేస్తోంది, డాక్టరు సోమవారం వస్తాడు.

“నీకిది ఎప్పటి నుంచమ్మా?” అని సూపర్‌వైజరు అడిగాడట.

“మొదటి నుంచీనండి.”

“మరి ఇన్నాళ్లూ కనపడలేదే.”

ఇంటికి వచ్చి అక్క ఈ ముచ్చటను తమాషాగానే చెప్పింది. ఆ కుర్చీ అంతకుముందు మూడుసార్లు చేతులు మారిందనీ, మూడుసార్లూ తాను వరసలో నిలబడిందనీ, ‘నీకేమమ్మా, నిక్షేపంలా ఉన్నావు’ అని డాక్టరు ముందుకు నడిచాడనీ చెబుతూ చేతులు కడుక్కుంది.  చెల్లెలు డ్రాయరు తెరిచి, ఆ కుంచెను బయటికి తీసి, దాని వెంట్రుకల మొదళ్లలో ఇరుక్కున్న బూడిదను చూస్తూ నిలబడింది. ఇన్నేళ్లూ ప్రేమగా, శ్రద్ధగా, ఒక్క పొలుసైనా మిగల్చకుండా దులిపింది తానే.

“ఏమిటే అలా ఉన్నావు?”

“హారం శనివారానికి ఇవ్వాలక్కా.”

“తెలుసు. శుక్రవారం తీసెయ్యి.”

“తీసేస్తే సోమవారం ఏం చూపిస్తావు?”

“ఏముంది, నిక్షేపంలా ఉంటాను.”

మరునాడు చెల్లెలు గ్యాలరీ మేడానికి ఫోను చేసి రెండు రోజులు గడువు అడిగింది. అవతలి గొంతు మర్యాదగానే ఉంది, అలిసిపోయి కూడా ఉంది. “నా చేతిలో లేదమ్మా. శనివారానికి బల్ల ఖాళీగా ఉంటే ఇంకొకరికి ఇచ్చేస్తారు” అంది.

శుక్రవారం సాయంత్రం అక్క ఎత్తుపీట మీద కూర్చుంది. ప్లాస్టరు కలపడానికి గిన్నె సిద్ధంగా ఉంది. చెల్లెలు పల్చని కత్తిని కుడి భుజం మీది అంచు కిందికి పోనిచ్చింది. అంచు లేచింది. ఎంతో అందంగా, ఒక్క ముడత చెదరకుండా లేచింది. అంతటి ముక్క తన జన్మలో మళ్లీ దొరకదని ఆమెకు తెలుసు. అక్క ఊపిరి బిగబట్టి కూర్చుని ఉంది. ఆ బిగింపు కత్తి మొన దాకా వచ్చి వేళ్లకు తగిలింది. చెల్లెలు కత్తి తీసి నీళ్లలో వేసింది.

“ఏమయింది?”

“ఏం కాలేదు. లే.”

“నాటకాలాడకు. ఇలా ఇయ్యి, నేనే గీసుకుంటాను.”

కత్తి అందకపోయేసరికి అక్క గూట్లోని అట్లకాడ అందుకుంది. చెల్లెలు దాని కాడ పట్టుకుంది. ఇద్దరూ చెరో వైపు లాగుతుంటే ఎత్తుపీట దొర్లింది. ఆ చప్పుడుకు టైలరు బాబాయ్ మెడలో టేపుతోనే మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఏమిటే ఈ రణం, అట్లకాడతో?”

“చూడు బాబాయ్, దీనికి బల్ల ఇచ్చారు, వద్దంటోంది” అంది అక్క.

“దీనికి కుర్చీ ఇస్తారు, వద్దంటోంది” అంది చెల్లెలు.

అతడు ఇద్దరి మాటా పూర్తిగా విన్నాడు. అప్పుడు అక్క వైపు తిరిగి, “దానికి ఇంకో బల్ల దొరుకుతుందే అమ్మాయ్. నీకు ఇంకో నడుం ఎవరిస్తారు?” అన్నాడు. వెళ్తూ వెళ్తూ అట్లకాడను తన వెంట తీసుకుపోయాడు.

సోమవారం సాయంత్రం అక్క వచ్చి, చెప్పులు విడిచి, గోడకు చెయ్యి ఆనించి నిలబడింది.

“చూశాడా?”

“చూశాడు. వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు. రాశాడు.”

“ఏమని?”

“కుర్చీ అని.”

ఆ మాట అని, వెళ్లి మంచం మీద వెల్లకిలా పడుకుంది. ఎండుటాకుల మీద ఎవరో నెమ్మదిగా నడిచినట్టు ఆమె కింద రాతిపువ్వు పగిలింది. ఆ చప్పుడు సద్దుమణిగే లోపలే ఆమె నిద్రపోయింది. ఆ నిద్ర మరునాటి సాయంత్రం దాకా సాగింది. ఆమె ఒత్తిగిలినప్పుడల్లా చెల్లెలు దుప్పటి మీది ముక్కలను ఒక్కొక్కటే పట్టకారుతో ఏరి, ఏ ముక్క పక్కన ఏది ఉండేదో అదే వరసలో పళ్లెంలో పేర్చింది.

ప్రదర్శన చెల్లెలు లేకుండానే మొదలై, ముగిసింది. మధ్య బల్ల మీద ఎవరివో గాజుపూలు పెట్టారని విన్నది. ఆమె తీరిక చిక్కినప్పుడల్లా ఒక్కో ముక్కను ప్లాస్టరులో పొదిగి కొలిమిలో పెట్టింది. లోపల రాతిపువ్వు కాలి బూడిదై, దాని ఆకారం మాత్రం ఖాళీగా మిగిలేది. ఆ ఖాళీలోకి కరిగిన వెండి పోసేది. ముక్కలన్నిటినీ సన్నని రింగులతో కలిపింది. చెక్కు చెదరకుండా తీసి ఉంటే అది అక్క భుజాలకు తప్ప మరెవరికీ సరిపోని బిరుసు పలక అయ్యేది. నిద్రలో పగిలింది కనుక, ఏ భుజం మీద వేసినా ఊపిరితో పాటు కదిలింది.

గ్యాలరీ మేడం దాన్ని చూసి, తలుపు దగ్గరగా వేసి, తన శాలువా తీసింది. ఆవిడ మెడ చుట్టూ ఏళ్ల తరబడి దాచిన రాతిపువ్వు నల్లగా గట్టిపడి ఉంది. హారం దాని మీద సర్దుకుని కూర్చుంది.

“చూస్తే బరువనిపించింది. వేసుకుంటే లేదే?”

“బరువు కొలిమిలో పోయిందండీ.”

ఆవిడ కొంతసేపు కుర్చీలో కూర్చుండిపోయింది. తిరిగి శాలువా కప్పుకోలేదు. “ఇలాంటివి ఇంకొన్ని చెయ్యండి. ఈసారి గడువు మీరే చెప్పండి” అంది.

“మధ్యాహ్నాలు దొరికితే చెబుతానండీ” అంది చెల్లెలు.

మరునాడు పొద్దున్న ఎత్తుపీట మీద చెల్లెలు కూర్చుంది. అక్క ఇప్పుడు కుర్చీ మనిషి. ఆమె భుజాల మీద పల్చని పొడి తప్ప ఏమీ పట్టడం లేదు. ఆమె చెల్లెలి జడ పైకెత్తి, కుంచె చేతిలో పట్టుకుని, అలాగే ఆగిపోయింది.

“తొందరగా దులుపక్కా, షాపుకి టైమవుతోంది.”

అక్క కుంచెను డ్రాయరులో పెట్టి మూసింది. జడను పైకి చుట్టి, మెడ వెనకంతా కనిపించేలా రెండు పిన్నులు గుచ్చింది.

“ఇవాళొద్దు. వెళ్లు.”

వారం తిరిగింది. మరమ్మతుల బల్ల దగ్గర, తెగిన గొలుసు మీదికి వంగిన ఆమె వెనక షావుకారి అడుగులు వచ్చి ఆగాయి. అతడు కళ్లజోడు సర్దుకున్న చప్పుడు వినిపించింది.

“ఏమ్మా భూతద్దం, నీకిది ఎప్పటి నుంచి?”

ఆమె కంటి నుంచి అద్దం తీసి బల్ల మీద పెట్టింది.

“మొదటి నుంచీనండి.”